మద్రాసు తీరాన ఎమ్డెన్ : ఒక జర్మన్ యుద్ధనౌక, దాని నావికుల కథ

తమిళనాట తరతరాలుగా స్థిరపడిన మన తెలుగు కుటుంబాలవారికి "ఎమ్డెన్" అనే మాట కొత్తది కాదు. మహా గడుసువాడిని, ఎప్పుడు ఏం చేస్తాడో అంతుపట్టనివాడిని అక్కడి పెద్దలు ఆ పేరుతో పిలుస్తారు. మలయాళంలోనూ, సింహళంలోనూ ఇదే మాట కొద్దిపాటి మార్పులతో వినబడుతుంది. ఇది ఏ ద్రావిడ ధాతువు నుండీ పుట్టినది కాదు. వాయవ్య జర్మనీలోని ఒక రేవు పట్టణం పేరు. ఆ పట్టణం పేరు పెట్టుకున్న ఒక యుద్ధనౌక 1914వ సంవత్సరం సెప్టెంబరు 22వ తేదీ రాత్రి మద్రాసు మీద గుండ్ల వర్షం కురిపించి వెళ్ళిపోయింది. నౌక పోయింది, పేరు మిగిలింది.

ఆనాటి మద్రాసు రాజధాని ఎంత విశాలమైనదో పాఠకులు ఒకసారి జ్ఞప్తికి తెచ్చుకోవాలి. కోస్తా, రాయలసీమ జిల్లాలే కాక నేడు ఒడిశాలో ఉన్న గంజాం, కర్ణాటకలో ఉన్న బళ్ళారి, తమిళనాటి సేలం, ఉత్తర ఆర్కాటు ప్రాంతాలు, అన్నీ మద్రాసు గవర్నరు ఏలుబడిలోనివే. యానాం ఫ్రెంచివారిది. అయితే ఫ్రాన్సు కూడ ఆ యుద్ధంలో జర్మనీకి శత్రువే. అంటే మన సరిహద్దు జిల్లాల పూర్వీకులలో తూర్పు తీరానికి దగ్గరగా ఉన్నవారంతా ఆ సెప్టెంబరులో, తమకు తెలియకుండానే, ఆ ఓడకు శత్రుదేశపు ప్రజలైనారు.

ఎమ్డెన్ మహా నౌక కాదు. ఆ కాలపు పెద్ద యుద్ధనౌకలు ఇరవై వేల టన్నుల పైబడి ఉండగా ఇది బరువంతా ఎత్తుకున్నా 4,300 టన్నులు మించనిది. నౌకాశాస్త్రంలో దీనిని తేలికపాటి క్రూయిజరు అంటారు. పొడవు 118 మీటర్లు. 10.5 సెంటీమీటర్ల ఫిరంగులు పది, టార్పెడో గొట్టాలు రెండు, పొగగొట్టాలు మూడు. వేగం గంటకు 24 నాట్లకు కాస్త తక్కువ. డాంజిగ్ నౌకా నిర్మాణశాలలో తయారై 1908 మే నెలలో నీటిలోకి దిగింది, 1909లో నౌకాదళంలో చేరింది. 1910లో తూర్పు సముద్రాలకు వచ్చి, చైనాలో జర్మనీ ఆధీనంలో ఉన్న చింగ్‌టావ్ రేవును నివాసంగా చేసుకుంది. తెల్లని రంగూ, తీరైన ఆకృతీ చూసి దానిని "తూర్పు హంస" అన్నారట.

1913 నుండి దాని కెప్టెను కార్ల్ వాన్ ముల్లర్. మితభాషి, బిడియస్తుడు. అతని తరువాతి స్థానంలో ఉన్న హెల్‌ముత్ వాన్ ముకె అందుకు పూర్తిగా విరుద్ధం: చొరవ, మాటకారితనం గలవాడు. వీరితోపాటు కైజరు వంశానికి చుట్టమైన ఒక రాకుమారుడు, యుద్ధానికి ముందు ఈ సముద్రాలలో వర్తక నౌకలు నడిపి ప్రతి రేవునూ ఎరిగిన లౌటర్‌బాఖ్ అనే స్థూలకాయుడు ఉన్నారు. అధికారులూ నావికులూ కలిసి దాదాపు 360 మంది.

బొగ్గే ఆహారం

ఎమ్డెన్ ఎందుకు అక్కడికి వెళ్ళింది, ఇక్కడ ఎందుకు ఆగింది, చివరకు ఎందుకు దొరికిపోయింది అనే ప్రశ్నలన్నిటికీ మూలం ఒక్క పదార్థంలో ఉంది. అది బొగ్గు. ఈ సంగతి విడిచిపెట్టి సాహసాలు మాత్రమే చెప్పుకుంటే ఈ కథ జానపద కథవలె తోస్తుంది.

ఓడ అడుగున పన్నెండు బాయిలర్లు. పగలూ రాత్రీ వాటి నోళ్ళలో పారలతో బొగ్గు వేస్తూ ఉండాలి. ఓడలో పట్టేది సుమారు 800 టన్నులు. నిదానంగా పోతే అది కొన్ని వారాలు వస్తుంది, పూర్తి వేగంతో పరుగెత్తితే కొద్ది రోజులలో కరిగిపోతుంది. బ్రిటీషువారికి ఏడెన్, బొంబాయి, కొలంబో, సింగపూరు, అడుగడుగునా రేవులే. భారత తీరం వైపు జర్మనీకి ఒక్క రేవూ లేదు. తటస్థ దేశపు రేవులో యుద్ధనౌక 24 గంటలకు మించి నిలువరాదు. కనుక బొగ్గును వెంట తెచ్చుకోవాలి, లేదా శత్రువు నుండి లాగుకోవాలి. నడిసముద్రంలో రెండు ఓడలను పక్కపక్కన కట్టి, అలలకు అవి ఒకదానినొకటి గుద్దుకొంటుండగా, మండుటెండలో వందల టన్నుల బొగ్గును బస్తాలతో మోయడం ఎంతటి శ్రమయో, బస్తాలు మోసినవారికి వేరే చెప్పనక్కరలేదు. ఆ పని సాగుతున్నంతసేపూ ఓడలోని బ్యాండువారు వాయిద్యాలు వాయించేవారు.

యుద్ధం వచ్చినప్పుడు తూర్పున ఉన్న జర్మన్ నౌకలకు నాయకుడు అడ్మిరల్ వాన్ స్పే. పసిఫిక్‌లోని పగాన్ దీవి వద్ద ఆగస్టు 13న సమావేశం జరిగింది. నౌకలన్నీ కలిసి హిందూ మహాసముద్రానికి పోతే అందరికీ బొగ్గు చాలదు. ఒక్క ఓడయితే ఎలాగో బతకవచ్చు. "ఆ ఒక్కటీ మమ్మల్ని పంపండి" అని ముల్లర్ కోరాడు, స్పే అంగీకరించాడు. మర్నాడు మార్కొమానియా అనే బొగ్గు ఓడను తోడు తీసుకొని ఎమ్డెన్ పడమటికి మళ్ళింది. దారిలో ముకె సలహా మీద తెరచాప గుడ్డతో, కొయ్యతో నాలుగవ పొగగొట్టం ఒకటి కట్టారు. బ్రిటీషు క్రూయిజరు యార్మౌత్‌కు నాలుగు పొగగొట్టాలు. దూరం నుండి చూసేవారికి ఎమ్డెన్ ఇప్పుడు బ్రిటీషు ఓడ. తమిళనాటి సామెతకు పునాది ఆ గుడ్డ గొట్టమే కావచ్చునని నా ఊహ.

బంగాళాఖాతంలో

సెప్టెంబరు 10న కలకత్తా దారిలో ఇండస్ అనే బ్రిటీషు ఓడ దొరికింది. భారత సైనికులనూ గుర్రాలనూ తీసుకొనిపోవడానికి సిద్ధం చేసిన ఓడ అది. దానిలో ఎమ్డెన్ నావికులకు అన్నిటికంటె ఎక్కువ సంతోషం కలిగించినది సబ్బు! వారి ఓడలో సబ్బు నిండుకొని ఉంది. బొగ్గు మసితో నిత్యం మునిగే మూడువందల మందికి ఆ కొరత ఎటువంటిదో ఊహించవచ్చు. సబ్బులూ, తిండి వస్తువులూ, కోళ్ళూ, మేకలూ ఎమ్డెన్ పైకప్పు మీదికి చేరాయి. అటుపిమ్మట లోవాట్, కిల్లిన్, డిప్లొమాట్, ట్రాబక్, క్లాన్ మాథెసన్ వరుసగా చిక్కాయి. డిప్లొమాట్‌లోని తేయాకు సరుకంతా సముద్రం పాలైంది.

పట్టుకొనే పద్ధతి ఒకటే. దగ్గరకు వచ్చి ఆగమని సంకేతం ఇస్తారు. అధికారి వెళ్ళి కాగితాలు చూస్తాడు. తటస్థ దేశపు ఓడయితే విడిచిపెడతారు. శత్రువుదయితే మనుషులందరినీ, తెల్ల కెప్టెను మొదలు నల్ల లాస్కరు వరకు, వారి మూటాముల్లెతో వేరొక ఓడలోకి ఎక్కించి ఆ తరువాతనే ముంచుతారు. కబింగా అనే ఓడలో అమెరికా సరుకు ఉంది, కెప్టెను భార్యాబిడ్డలు ఉన్నారు. దానిని ముంచక, బందీలందరినీ అందులోకి ఎక్కించి కలకత్తాకు పంపివేశారు. రెండు నెలలలో పదహారు దాకా వర్తక నౌకలు, సుమారు 70,000 టన్నులు, ఎమ్డెన్ వలన నీట మునిగాయి. ఆ వర్తక నౌకల మనుషులలో ఒక్కరి ప్రాణమూ పోలేదు. యుద్ధాలలో ఇది అరుదు. అందుకే బ్రిటీషు పత్రికలు సైతం ముల్లర్‌ను మెచ్చుకొన్నాయి.

నష్టం ఓడలలో కంటె భయంలో ఎక్కువ. అంతటి సముద్రంలో ఒక్క ఓడ ఎక్కడ ఉందో తెలియక కలకత్తా, కొలంబో, సింగపూరుల నడుమ వర్తక నౌకలు రేవులలోనే నిలిచిపోయాయి. బీమా రుసుములు పెరిగాయి. బ్రిటీషు, జపాను యుద్ధనౌకలు వెదుకులాడసాగాయి. ఎమ్డెన్ తన వైర్‌లెస్ యంత్రంతో ఇతరుల మాటలు వింటూ, తాను మాత్రం నోరు విప్పకుండా తిరిగింది. ఏ ఓడ ఎప్పుడు బయలుదేరుతున్నదో దొరికిన ఓడలలోని వార్తాపత్రికలే దానికి తెలియజేసేవి.

ఆ రాత్రి

సెప్టెంబరు 22. శరన్నవరాత్రులు మొదలై మూడు నాళ్ళు. మద్రాసులో దీపాలు ఆర్పమని చెప్పినవారు లేరు. అప్పట్లో నగరపు దీపస్తంభం హైకోర్టు భవనం పైన ఉండేది. అది కూడ వెలుగుతూనే ఉంది. రేవు పక్కన బర్మా ఆయిల్ కంపెనీవారి తెల్లని చమురు తొట్లు దూరానికి సైతం కనబడేవి. రాత్రి సుమారు 9:30 గంటలకు ఎమ్డెన్ తీరానికి మూడు కిలోమీటర్ల లోపు దూరంలో ఆగి, సెర్చిలైటు వేసి, కాల్పులు మొదలుపెట్టింది. నూటపాతికకు పైగా గుండ్లు. రెండు తొట్లు అంటుకొని ఆకాశమంతా ఎర్రబారింది. రేవులోని చుప్రా అనే ఓడకు దెబ్బ తగిలింది. కొన్ని గుండ్లు ఊరిలోకి వచ్చి పడ్డాయి. తీరపు ఫిరంగులు బదులు పలికినా ఒక్క గుండూ ఓడకు తగలలేదు. అరగంటలో అంతా ముగిసింది. ఎమ్డెన్ ఉత్తరంగా పోతున్నట్టు దీపాలు చూపించి, చీకటిలో దక్షిణానికి తిరిగింది.

చమురు పెద్ద ఎత్తున కాలింది. చనిపోయినవారు పదిమంది లోపే. ఇంటివారికి మాత్రం ఆ లెక్క చిన్నది కాదు. చమురు తొట్లను మాత్రమే గురిపెట్టానని ముల్లర్ చెప్పినా, రాత్రివేళ జనం నిండిన నగరం మీదుగా ఫిరంగి కాల్చినప్పుడు గుండు తొట్టి దగ్గరే ఆగుతుందని ఎవరు చెప్పగలరు? ఓడల మీద అతడు చూపిన జాగ్రత్త ఈ ఒక్క రాత్రికి వర్తించలేదని నా అభిప్రాయం.

మర్నాటి నుండి మద్రాసు ఖాళీ కాసాగింది. జర్మనులు మళ్ళీ వస్తారు, సైన్యం దింపుతారు అనే పుకార్లు. వేలాది కుటుంబాలు రైళ్ళకు ఎగబడ్డాయి. రైలు దొరకనివారు బండ్ల మీద, కాలినడకన పల్లెలకు చేరారు. తెల్లదొరల సముద్రంలోకి మరొక దొర ఓడ వచ్చి, రాజధాని నగరాన్నే కొట్టి, చెక్కుచెదరకుండా పోవడం జనం కళ్ళారా చూశారు. ఇంగ్లీషువాడి నౌకాబలానికి ఎదురులేదనే నమ్మకానికి ఆ రాత్రి బీట పడింది. చమురు తొట్లకంటె ముల్లర్‌కు కావలసినది అదే. భారతీయులలో అలజడి పుట్టించి, బ్రిటీషువారి పరువు తీయాలన్నదే తన ఉద్దేశమని అతడే తరువాత తెలిపాడు.

తిరువనంతపురానికి చెందిన విప్లవవీరుడు చెంపకరామన్ పిళ్ళై ఆ రాత్రి ఎమ్డెన్ మీద ఉన్నాడని, ఓడను అతడే మద్రాసుకు నడిపించాడని ఒక కథ దక్షిణాదిన బాగా వాడుకలో ఉంది. ఆ రోజులలో ఆయన ఐరోపాలో ఉన్నాడు. నౌక జులై 31 రాత్రే చింగ్‌టావ్ విడిచింది. కనుక ఇది పొసగదు. ఆయన దేశభక్తికి ఈ కథ అవసరమూ లేదు.

దీవి మీద అతిథులు, పినాంగులో శత్రువులు

సింహళం చుట్టి మరికొన్ని ఓడలను పట్టిన పిమ్మట అక్టోబరు 9న ఎమ్డెన్ డియెగో గార్సియా అనే దీవికి చేరింది. దీవి బ్రిటీషువారిది. ఆశ్చర్యమేమంటే, యుద్ధం మొదలై రెండు నెలలు గడిచినా ఆ సంగతి అక్కడివారికి తెలియదు. మారిషస్ నుండి ఎప్పుడో ఒకసారి వచ్చే ఓడ తప్ప వార్త తెచ్చే దిక్కు లేదు. జర్మనులు ఆ సంగతి చెప్పలేదు. కొబ్బరినూనె తోట నడిపే దొర అతిథి మర్యాద చేశాడు. బదులుగా నావికులు అతని చెడిపోయిన మోటారు పడవను బాగుచేసి ఇచ్చారు. తమ ఓడ అడుగున పట్టిన నాచును గీకి శుభ్రం చేసుకొని వెళ్ళిపోయారు.

అక్టోబరు 28 తెల్లవారుజామున పినాంగు రేవులో దృశ్యం వేరు. నాలుగు పొగగొట్టాల వేషంతో లోనికి చొచ్చిన ఎమ్డెన్, చివరి క్షణంలో జర్మన్ జెండా ఎత్తి, లంగరు వేసి ఉన్న జెంచుగ్ అనే రష్యా క్రూయిజరును టార్పెడోలతో ముంచింది. దాని కెప్టెను ఒడ్డున ఉన్నాడు, కాపలా సరిగా లేదు. ఎనభై మందికి పైగా నావికులు మరణించారు. బయటకు వస్తుండగా ఎదురుపడిన మూస్కే అనే ఫ్రెంచి చిన్న యుద్ధనౌక కూడ మునిగింది. దానిలో బతికినవారు 36 మందిని ఎమ్డెన్ నీటి నుండి ఎత్తి, గాయాలకు కట్లు కట్టి, రెండు రోజుల తరువాత ఒక బ్రిటీషు వర్తక నౌకను ఆపి వైద్యానికి పంపింది. గాయాలతో చనిపోయిన ముగ్గురికి సైనిక మర్యాదలతో సముద్రంలో అంత్యక్రియలు చేశారు.

కోకోస్ దీవుల వద్ద

నవంబరు 9 ఉదయం. హిందూ మహాసముద్రం నడుమ ఉన్న కోకోస్ దీవులలో బ్రిటీషువారి తంతి కేంద్రం ఒకటి. ఆస్ట్రేలియాకూ ఆఫ్రికాకూ పోయే సముద్రగర్భ తీగలు అక్కడ కలుస్తాయి. వాటిని తెంచడానికి ముకె 50 మందితో పడవలలో దిగాడు. కేంద్రంలోనివారు ఎదిరించలేదు. ఎత్తయిన వైర్‌లెస్ స్తంభాన్ని పడగొట్టబోతుంటే, మా టెన్నిసు కోర్టు మీద మాత్రం పడనీయకండి అని వేడుకొన్నారు, ముకె సరేనన్నాడు. అయితే జర్మనులు ఒడ్డెక్కక ముందే ఆ కేంద్రం "వింత ఓడ వచ్చింది" అని ఆకాశంలోకి వార్త పంపివేసింది.

ఆ వార్త విన్నవారు దగ్గరలోనే ఉన్నారు. ఆస్ట్రేలియా, న్యూజీలాండు సైనికులతో నిండిన ఓడల బారు ఒకటి ఆ దారినే కొలంబోకు పోతోంది. దాని కాపలా నౌకలలో ఒకటైన సిడ్నీ మూడు గంటలలోపే వచ్చి పడింది. 5,400 టన్నుల కొత్త ఓడ, ఎమ్డెన్ కంటె వేగం ఎక్కువ, ఫిరంగులు పెద్దవి. ముల్లర్‌కు ఒడ్డున ఉన్న తన వారి కోసం ఆగే వ్యవధి లేదు. ఆ 50 మందిలో పనితెలిసిన ఫిరంగివారు కూడ ఉన్నారు.

మొదటి దెబ్బలు ఎమ్డెన్‌వే. ఆ తరువాత సిడ్నీ దూరంగా జరిగి, ఎమ్డెన్ గుండ్లు అందని చోటు నుండి కొట్టడం మొదలుపెట్టింది. పొగగొట్టాలు ఒకటొకటిగా కూలాయి. చుక్కాని పనిచేయడం మానింది. ఇక మునగక తప్పదని తెలిసి, మిగిలినవారినైనా దక్కించుకోవాలని ముల్లర్ ఓడను ఉత్తర కీలింగ్ దీవి పగడపు గట్టు మీదికి తోలించాడు. సిడ్నీ సాయంత్రం తిరిగి వచ్చేసరికి ఎమ్డెన్ కొయ్య మీద జెండా ఇంకా ఎగురుతోంది. మరికొన్ని గుండ్లు పడ్డ తరువాత అది దిగింది. మృతులు 130 మందికి పైగా. సిడ్నీ వైపు నలుగురు. గాయపడినవారు ఆ రాత్రంతా మంచినీళ్ళు లేక అక్కడే పడి ఉన్నారు. మర్నాడు గాని సిడ్నీ వారిని ఎక్కించుకోలేదు. కొలంబో చేరేటప్పుడు, గాయపడిన శత్రువులు ఓడలో ఉన్నారు కనుక ఎవరూ జయజయధ్వానాలు చేయవద్దని సిడ్నీ కెప్టెను గ్లాసప్ ముందుగానే కబురు పంపాడు.

ఒడ్డున మిగిలినవారు, బందీలైనవారు

దీవి మీద చిక్కిన ముకె దళం చూస్తుండగానే తమ ఓడ పోయింది. రేవులో అయేషా అనే 97 టన్నుల పాత తెరచాప ఓడ ఉంది. కొద్దిమందికి సరిపడే దానిలో 50 మంది ఎక్కి, వాన నీరు పట్టుకు తాగుతూ నవంబరు చివరికి సుమత్రాలోని పదాంగ్ చేరారు. అక్కడ నుండి ఒక జర్మన్ వర్తక నౌక పట్టుకొని 1915 జనవరిలో అరేబియా తీరాన హొదైదాలో దిగారు. ఎర్రసముద్రం వెంట పడవలలో, ఒంటెల మీద ప్రయాణం. జిద్దా దగ్గర ఎడారి తెగలు చుట్టుముట్టగా మూడు రోజుల పోరు, కొందరి మరణం. చివరకు హిజాజ్ రైలు ఎక్కి మే నెలలో కాన్‌స్టాంటినోపుల్‌కు చేరారు. వారికి జర్మనీలో వీరపూజ జరిగింది.

ఇదే కాలంలో సింగపూరులో జరిగిన సంగతి మాత్రం మన దేశంలో ఎక్కువమందికి తెలియదు. ఎమ్డెన్ పట్టిన బొగ్గు ఓడల మీద ఉండి చిక్కిన లౌటర్‌బాఖ్, అతని నావికులు అక్కడి టాంగ్లిన్ శిబిరంలో బందీలు. సింగపూరులో ఉన్న సేన మన భారతదేశపు సిపాయిలదే: అయిదవ లైట్ ఇన్‌ఫాంట్రీ. 1915 ఫిబ్రవరి 15న వారు తిరుగుబాటు చేసి, శిబిరం తలుపులు తెరిచి, జర్మనులను తమతో చేరమన్నారు. జర్మనులలో చాలామంది కదలలేదు. లౌటర్‌బాఖ్ మరికొందరితో తప్పించుకొని, సముద్రాలు దాటి, ఆ ఏడాదిలోనే జర్మనీ చేరి పుస్తకాలకెక్కాడు. తలుపులు తెరిచిన సిపాయిలలో నలభై మందికి పైగా జనం చూస్తుండగా గోడకు నిలబెట్టి కాల్చివేయబడ్డారు. ఎమ్డెన్ కథను వినోదంగా చెప్పే పుస్తకాలలో ఈ సిపాయిలకు ఒకటి రెండు వాక్యాలకు మించి చోటు దొరకదు.

ముల్లర్ మొదట మాల్టాలో, తరువాత ఇంగ్లండులో బందీ. 1917లో సొరంగం తవ్వి తప్పించుకొన్న ఇరవైమందికి పైగా అధికారులకు నాయకుడు అతడే, అయితే అందరూ పట్టుబడ్డారు. మలేరియా పీడితుడై యుద్ధం ముగియక ముందే, 1918లో ఇల్లు చేరాడు. ఎందరు అడిగినా తన కథ రాయలేదు. 1923లో మరణించాడు. పుస్తకాలు రాసి పేరు పొందిన ముకె, తరువాతి కాలంలో యుద్ధాన్నే వ్యతిరేకించి, నాజీల చేత నిర్బంధింపబడ్డాడు. బతికిన నావికులకు తమ ఇంటిపేరు చివర "ఎమ్డెన్" చేర్చుకొనే హక్కును జర్మన్ ప్రభుత్వం ఇచ్చింది. వారి సంతతిలో కొన్ని కుటుంబాలు ఆ పేరు నిలుపుకొన్నాయి.

పగడపు గట్టు మీది శిథిలాలను 1950లలో ఒక జపాను సంస్థ ముక్కలు చేసి ఇనుముకు తీసుకుపోయింది. ఒక ఫిరంగి ఆస్ట్రేలియాలోని సిడ్నీ నగరపు హైడ్ పార్కులో ఉంది. చెన్నైకి కోర్టు పనుల మీద వెళ్ళే మనవారు హైకోర్టు తూర్పు ప్రహరీ వైపు ఒక్క నిమిషం నడిస్తే, ఆ రాత్రి గుండు తగిలిన చోట పెట్టిన చిన్న రాతి ఫలకం కనబడుతుంది.